45, 38 కలిస్తే 4538 ఎలా అయ్యింది?

తమ్ముళ్లారా,

నేను కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నది డిగ్రీలో చేరాకే. రెండు సబ్జెక్టుల మార్కులు అడిగి, మొత్తం చెప్పే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. 45, 38 అని కొట్టాను. తెర మీద 4538 వచ్చింది. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. లెక్కల్లో ఎప్పుడూ వెనకబడని నాకు తల తీసేసినట్టయింది.

నిజానికి నా కూడిక తప్పు కాదు. కీబోర్డు మీద మనం కొట్టినదాన్ని పైథాన్ 3లోని ఇన్‌పుట్ ఆదేశం ఎప్పుడూ స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల దండగానే ఇస్తుంది. రెండు దండల మధ్య ప్లస్ పెడితే వాటిని ముడివేస్తుంది, కూడదు. కాబట్టి ముందు వాటిని ఇంట్ అనే ఆదేశంతో సంఖ్యలుగా మార్చాలి. దశాంశాలుంటే ఫ్లోట్ వాడాలి. అప్పుడు 83 వస్తుంది.

లోపల ఏం జరుగుతుంది? ఆస్కీ పట్టికలో 0 అనే అక్షరానికి 48, 4కు 52, 5కు 53 సంకేతాలు. వాటిలోంచి 48 తీసేస్తే 4, 5 మిగులుతాయి. 4ను 10తో గుణించి 5 కలిపితే 45. మనం మూడో తరగతిలో నేర్చుకున్న పదులు, ఒకట్లే! మన తెలుగు అంకెల్లో ౪౫ అని ఇచ్చినా పైథాన్ 45గానే తీసుకుంటుంది.

మార్చడం మరిచిపోతే నష్టం నవ్వులతో పోదు. 9, 85, 100 మార్కులను స్ట్రింగ్‌లుగానే ఉంచి ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. మొదటి అక్షరాన్నే ముందు పోలుస్తుంది కాబట్టి 9 వచ్చినవాడు పైన, నూటికి నూరు తెచ్చుకున్నవాడు అట్టడుగున ఉంటారు!

మరో జాగ్రత్త. మార్కుల గడిలో 'గైర్హాజరు' అని ఉంటే పైథాన్ తప్పు చూపి ఆగిపోతుంది. సీ భాషలోని ఏటూఐ మాత్రం నోరెత్తకుండా 0 ఇస్తుంది. పరీక్షకు రానివాడికీ, సున్నా వచ్చినవాడికీ తేడా పోతుంది. 1,250 అని కామాతో ఉన్నా పైథాన్ ఒప్పుకోదు. కామా తీసి మార్చాలి.

అలాగని అన్నిటినీ మార్చకూడదు. హాల్‌టికెట్ నంబరు 00457ను సంఖ్యగా మారిస్తే 457 అవుతుంది. దాన్ని ఎవరూ కూడరు కదా, అక్షరాలుగానే ఉంచాలి. లెక్క వేసేదే సంఖ్య, గుర్తుపట్టేది పేరు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ల్యాబ్‌లో మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు. నవ్వినా భయపడకండి, తప్పు ఎక్కడుందో వెతకండి.

- మీ హాస్టల్ పూర్వ విద్యార్థి