తాటి దూలాల కింది తొలి బడి

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల నడుమ ఉన్న పల్లెలలో కొన్ని పాత మస్జిదుల పక్కన ఒక చిన్న గది కనిపిస్తుంది. మట్టి గోడలు, తాటి దూలాలు, పైన తాటాకు లేదా పెంకు. అదే మక్తబ్. మా తరంవారు అలిఫ్, బే దిద్దుకున్నది అటువంటి గదులలోనే. మేము పాఠం చెప్పే ఊరిలో ఆ గదిని పడగొట్టి దుకాణాలు కట్టాలన్న ప్రతిపాదన గత వేసవిలో పెద్దల ముందుకు వచ్చింది. మస్జిదుకు అద్దెలు వస్తాయన్న మాట విని మొదట మేమూ తల ఊపాము. తరువాత ఆలోచిస్తే మనసు ఒప్పలేదు.

మదీనాలో దైవప్రవక్త (స) నిర్మించిన మస్జిదుకు ఖర్జూరపు మానులే స్తంభాలు, ఖర్జూరపు మట్టలే కప్పు. వాన కురిస్తే కారేది. అక్కడి ‘సుఫ్ఫా’ అనే నీడ పట్టున ఇల్లూ వాకిలీ లేని సహాబీలు ఉంటూ విద్య నేర్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు.

మన గడ్డ మీద కూడా చదువు ఇటువంటి చోటులలోనే పెరిగింది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల వివరాలు సేకరించమని ఆదేశించాడు. అప్పటికే విడి జిల్లాగా ఉన్న గుంటూరు నుంచి కూడా లెక్కలు వెళ్ళాయి. 1826 నాటి ఆయన నివేదికలో మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ముస్లిం పిల్లలను ఆ లెక్కలలో వేరుగా చూపారు. ఆనాడు వీధి అరుగే బడి, ఇసుకే పలక. ఇసుకలో అక్షరాలు దిద్దించడాన్ని మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ 1797లో దానిని గురించి ఇంగ్లండులో ప్రకటించగా అక్కడి బడులూ ఆ దారి పట్టాయి.

కట్టడాన్ని పూజించడం మన ధర్మం కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మస్జిదె నబవీని చెక్కిన రాళ్ళతో, టేకు కప్పుతో తిరిగి కట్టించారు. అయితే వారు దానిని విశాలపరచింది నమాజు కోసమే. చదువు చెప్పే చోటును అంగడిగా మార్చడానికి అది ఆధారం కాజాలదు.

మా గది గోడ బీటలు వారిన మాట నిజమే. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందుచేత గోడ మొదట నీరు నిలవకుండా వాలు చేయాలి. మట్టి గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుతుంది, సున్నపు పూతే మేలు. చేవదేరిన తాటి దూలం పొడిగా ఉన్నంత కాలం గట్టిగా నిలుస్తుంది, తడిస్తే చెద పడుతుంది. కాబట్టి తొలకరికి ముందే కప్పు సరిచేయాలి.

మా సమ్మతిని వెనక్కు తీసుకుంటున్నామని పెద్దలకు చెప్పాము. వారు ఒక ఏడాది గడువిచ్చారు. పాత హాజరు పుస్తకాలు తిరగేస్తే మిరప కోతల నెలలలో గైర్హాజరు గుర్తులే ఎక్కువ. ఆ పిల్లలు చేల నుంచి తిరిగి వచ్చాక మగ్రిబ్ తరువాత కూర్చోవడానికి ఇప్పుడు ఆ గదిలో దీపం వెలిగిస్తున్నాము.

సోదర సోదరీమణులారా! మీ ఊరి మక్తబ్‌ను కూడా ఒకసారి చూసి రండి. అక్కడ చదువు చెప్పిన వారి పేర్లు పెద్దలనడిగి వ్రాసి ఉంచండి. పాత తఖ్తీలను, హాజరు పుస్తకాలను పారవేయకండి. అన్నిటికంటే ముందు మీ పిల్లలను అక్కడికి పంపండి. ఈ అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.