పడవ ఇంజను పలకకపోతే

బెల్లంపల్లి అనగానే బొగ్గు గుర్తుకొస్తుంది గాని నది గుర్తుకు రాదు. కాని తూర్పుగా వేమనపల్లి దాకా వెళ్లి చూడండి, ప్రాణహిత కనిపిస్తుంది. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అయి, 113 కిలోమీటర్లు నడిచి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అవతలి గట్టు మహారాష్ట్ర. వంతెన దూరమైన రేవుల్లో పడవ కదిలితేనే మనిషి కదిలేది. వేసవిలో ఇసుకమేటల మధ్య ఒదిగి పారే ఆ నదే వానాకాలంలో చెట్లను పెకలించుకు వస్తుంది. అట్లాంటి నీటిమీద ఇంజను మొరాయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కనుక మొదటి మాట ఇంజను గురించి కాదు, తాడు గురించి. ఇంజను పలికిన తర్వాతే తాడు విప్పాలి. నడియేట్లో ఆగిందా, ముందు లంగరు వెయ్యాలి. లేదా గడలు, తెడ్లు అందుకుని పడవను అదుపులో పెట్టాలి. స్పానరు సంగతి ఆ తర్వాత.

బొగ్గు ఇంజనుకు నిప్పు మనం పెట్టాలి. డీజిలు ఇంజను తన నిప్పు తానే పుట్టించుకుంటుంది. సిలిండరులోని గాలిని పిస్టన్ సుమారు 16 నుంచి 20వ వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే భగ్గున మండుతుంది. 1897లో దీన్ని జర్మనీలో నడిపి చూపించిన రుడాల్ఫ్ డీజిల్, 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్లే ఓడ ఎక్కి, రాత్రికి రాత్రి మాయమయ్యాడు. ఆయన పేరు మాత్రం ప్రతి పడవలోనూ మిగిలిపోయింది!

అంటే ఈ ఇంజనుకు కావలసినవి మూడే: గాలి, నూనె, నొక్కుడు. ఏది తక్కువైందో తెలుసుకోకుండా కనిపించిన నట్టునల్లా విప్పేవాడివల్ల చిన్న జబ్బు పెద్దదవుతుంది.

హేండిలు తిప్పేటప్పుడు పొగగొట్టం వైపు ఒక కన్ను వేసి వుంచండి. పొగ బొత్తిగా లేదా, నూనె అందడంలేదన్నమాట. తెల్లపొగ వస్తే నూనె అందుతున్నది గాని మండడంలేదు.

నూనె అందకపోవడానికి తరచు కారణం, ట్యాంకు ఖాళీ కావడం. నవ్వకండి, నిజంగా ముందు చూడవలసింది అదే. నూనె ఒకసారి అయిపోయి మళ్లీ పోసినా పలకదు; గొట్టంలో గాలి చేరుతుంది. పొలంలో మోటారు వేసే రైతు దీన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటాడు. ఫిల్టరుమీది చిన్న స్క్రూ వదులు చేస్తే బుడగలతో నురుగు వస్తుంది. బుడగలు పోయి నూనె ధారగా వచ్చేదాకా ఆగి బిగించాలి. తర్వాత ఇంజెక్టరు గొట్టం నట్టు వదులు చేసి, హేండిలు తిప్పి, అక్కడి గాలి కూడా తియ్యాలి. ఇంజెక్టరు మొనముందు మాత్రం చెయ్యి పెట్టకండి. ఆ చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

పడవల్లో మరొక బెడద నీళ్లు. వానలో మూత సరిగా పెట్టకపోతే ట్యాంకులో నీరు చేరి అడుగున నిలుస్తుంది. అడుగు మర విప్పి ఒక సీసాలోకి పట్టి చూస్తే రెండూ విడివిడిగా తేలతాయి.

తెల్లపొగే వస్తుంటే నొక్కుడు చూడాలి. డీకంప్రెషన్ మీట ఎత్తి వేగంగా తిప్పి, ఊపందుకోగానే మీట వదలాలి. అప్పుడు హేండిలు గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకపోతే రింగులో, వాల్వులో అరిగాయి. గాలి పోయే దారిలో నాలుగు చుక్కల ఇంజను ఆయిలు వేస్తే అప్పటికి గట్టెక్కవచ్చు. రింగులు మార్చక తప్పదు. చలి ఉదయాల్లో వేడినీళ్లు పోస్తే మంచిదే. ఈథరు కొట్టడం, కాగడా చూపడం మాత్రం ప్రమాదం. హేండిలు పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్లపక్కనే వుంచండి. వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

మీట ఎత్తినా హేండిలు కదలకపోతే ఇంజనును తిట్టకండి, పడవ వెనక్కి వెళ్లి పంకా చూడండి. తెగిన వలతాడు చుట్టుకుని వుండవచ్చు.

పలికిన ఇంజనును గట్టుదగ్గరే ఐదు నిమిషాలు నడవనివ్వాలి. గాలిగాని, నీరుగాని ఇంకా మిగిలి వుంటే ఈలోపలే ఆగుతుంది. చల్లదనానికి వెళ్లిన నీరు బయటికి పడుతున్నదో లేదో కూడా అప్పుడే కనిపిస్తుంది. ఆ తర్వాత తాడు విప్పవచ్చు.