లాభము చూపిన బ్యాంకు ఏల మూతపడును?

నిన్నటి సంవత్సరము లాభము ప్రకటించిన సహకార బ్యాంకు నేడు తలుపులు మూసినదని వినగానే, ఎవరో సొమ్ము నెత్తుకొని పోయిరని తలంతుము. అట్టివియు లేకపోలేదు. కాని మూతకు చాలకాలము ముందే లెక్కల పుస్తకములో తెగులు ప్రవేశించి యుండును.

పరపతి సంఘమున సభ్యుల వాటాధనమును, వెనుకటి లాభములనుండి దాచిన నిధియు సొంత సొమ్ము. డిపాజిట్లు పరుల సొమ్ము. బాకీలు రానిచో నష్టము మొదట సొంత సొమ్మును తినును. అది చాలనప్పుడు డిపాజిట్లకు మోసము వచ్చును. ఈ నష్టము పైకి కనబడకుండుటకు మార్గమున్నది. చేతికి రాని వడ్డీని వచ్చినట్లు లాభమున చేర్తురు. పాతబాకీ తీఱినట్లు వ్రాసి, ఆనాడే క్రొత్తబాకీ యిచ్చినట్లు వ్రాతురు. దీనికి పల్లెలలో ‘సర్దుబాటు’ అని ముద్దుపేరు. పైస చేతులు మాఱదు. పట్టిక మాత్రము చక్కబడును.

బొంబాయిలో 1984లో పుట్టిన పంజాబు మహారాష్ట్ర సహకార బ్యాంకు 2019 మార్చి నాటికి 11,600 కోట్ల రూపాయలకు పైగా డిపాజిట్లు చూపినది. ఆ సంవత్సరము లాభమును చూపినది. సెప్టెంబరు 23వ తేదీన రిజర్వు బ్యాంకు ఖాతాకు వేయి రూపాయలకు మించి తీయరాదని కట్టడి చేసినది. ఏలయన, ఇచ్చిన అప్పులలో ఇంచుమించు ముప్పాతిక భాగము ఒకే గృహనిర్మాణ వ్యాపార కూటమికి చేరినది. దానిని మఱుగుపఱచుటకు 21,049 కల్పిత ఖాతాలు సృష్టించిరని పోలీసులకిచ్చిన ఫిర్యాదు. కట్టడి క్రమముగా సడలినను, 2022 జనవరిలో ఆ బ్యాంకు వేఱొక బ్యాంకున కలిసినది. పెద్ద మొత్తములు దాచినవారికి చెల్లింపు పదేండ్లవఱకు సాగునట్లు ఏర్పాటైనది.

బ్యాంకులోని డిపాజిటుకు బీమా యున్నది గదా యందురు. నిజమే. 2020 ఫిబ్రవరిలో ఆ హద్దు లక్ష నుండి అయిదు లక్షల రూపాయలకు పెరిగినది. పట్టణ సహకార బ్యాంకులకును అది వర్తించును. కాని గ్రామములోని ప్రాథమిక సహకార సంఘమునకు ఈ బీమా వర్తింపదు. పెక్కుమంది పెద్దలీ సంగతి నెఱుగరు. అట్టి సంఘమును మూసినచో లిక్విడేటరు వసూలుచేసిన దానినుండియే డిపాజిట్లు చెల్లవలయును. వాటాదారుని వంతు వాని తరువాతనే.

కావున సర్వసభ్య సమావేశమున డివిడెండు ఎంతయని అడుగుటకు ముందు, గడువు మీఱిన బాకీ యెంత, ఈ యేడు వడ్డీ నగదుగా వచ్చినదెంత, సర్దుబాటైన దెంత, మిక్కిలి పెద్ద బాకీదారులు పదిమంది యెవరు అని అడుగుడు. నోటిమాట చాలదు, బాకీల పట్టికను బల్లమీద నుంచుమనుడు.