బ్యాటరీ పనిముట్లు డిస్కౌంట్‌లో కొంటున్నారా? ముందు బ్యాటరీని చూడండి

బ్యాటరీతో నడిచే డ్రిల్లు, కొమ్మలు కోసే రంపం వంటివి పండుగ ఆఫర్లలో తక్కువ ధరకు వస్తుంటాయి. వీటిలో ఖరీదైన భాగం బ్యాటరీ, త్వరగా పాడయ్యేదీ అదే. కాబట్టి కొనే ముందు రైతు సోదరులు ఈ విషయాలు గమనించాలి.

• ధర మరీ తక్కువగా ఉంటే అది మిషన్ ఒక్కదాని ధరేమో అడగాలి. బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనాల్సి వస్తే ఆఫర్ లాభం పోతుంది.

• 18 వోల్టులు, 20 వోల్టులు అని రాసినవి సాధారణంగా ఒకటే. రెండింటిలోనూ 5 లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. 20 అన్నది పూర్తి ఛార్జింగ్‌లో ఉండే అంకె. డబ్బాపై ‘88’, ‘128’ వంటి పెద్ద అంకెలు చూసి మోసపోవద్దు.

• వోల్టులను ఆంపియర్ అవర్‌తో గుణిస్తే బ్యాటరీ సత్తా తెలుస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అయితే 36 వాట్ అవర్లు. 4 అయితే 72, అంటే దాదాపు రెట్టింపు సేపు పని.

• ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ మిషన్‌కు సాధారణంగా పట్టదు. తర్వాతి పనిముటు అదే కంపెనీలో తీసుకుంటే పాత బ్యాటరీ పనికొస్తుందేమో చూసుకోవాలి.

• వాడకుండా ఉంచినా బ్యాటరీ శక్తి తగ్గుతుంది. తయారీ తేదీ చూసి, బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోవాలి.

కొన్నాక బ్యాటరీని ఎండలో, రేకుల షెడ్డులో ఉంచవద్దు. చాలా రోజులు వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో చల్లని, పొడి చోట భద్రపరచాలి.