చక్రం తిరిగితే వెలిగే దీపం: సైకిలు డైనమో, కనపడని వైరు

తిరిగే చక్రం నుంచి కొంత శక్తిని తీసుకొని విద్యుత్తుగా మార్చే చిన్న యంత్రం సైకిలు డైనమో. దానికి బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగు అక్కర్లేదు. చక్రం కదిలినంతసేపూ ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలుగుతాయి. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ నల్ల సైకిళ్ళు ఊరూరా తిరిగిన రోజుల్లో చక్రం పక్కన సీసా ఆకారంలో బిగించిన డైనమో అందరూ ఎరిగినదే.

అనకాపల్లి వంటి చోట దీని అవసరం ఇంకా తీరలేదు. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశానికి ఈ పట్టణం కాస్త తూర్పున ఉంది. చలికాలపు పొట్టి పగళ్ళు కూడా తోడై డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. చెరకు నరికి బెల్లం వండే కాలమూ అదే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన ఈ ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిపోయే దారుల్లోనూ, 16వ నంబరు జాతీయ రహదారి మీదా లైటు లేని సైకిలు లారీ డ్రైవరు కంటికి ఆనదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానుకు కరెంటు స్తంభాలు కూలి చాలా చోట్ల రోజుల తరబడి సరఫరా నిలిచిపోయింది. ఛార్జింగు మీద బతికే లైట్లకు అలాంటప్పుడు దారి లేదు. డైనమోకు ఆ బెడద లేదు.

విద్యుత్తు పుట్టే తీరు

తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్సులో ఇపొలిత్ పిక్సీ చేతితో తిప్పే జనరేటరును తయారుచేశాడు. సైకిలు డైనమోలో పనిచేసేదీ ఆ సూత్రమే. ఇందులో తీగచుట్ట కదలదు, నడుమ ఉన్న శాశ్వత అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతపు ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటి చుట్ట ముందుకు వస్తాయి కాబట్టి వెలువడేది దిశ మార్చుకుంటూ ఉండే ఏకాంతర విద్యుత్తు.

వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరగాలి, బల్బు మాడిపోవాలి. అలా జరగకపోవడానికి కారణం తీగచుట్టకున్న స్వయం ప్రేరణ. తనలో ప్రవాహం ఎంత త్వరత్వరగా మారితే చుట్ట దానికి అంత ఎక్కువ అడ్డుపడుతుంది. వేగంతో పాటు వోల్టేజీ ఎంత పెరుగుతుందో ఈ అడ్డూ ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఫలితంగా కరెంటు సుమారు అర ఆంపియరు దగ్గర స్థిరపడుతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రమాణం 6 వోల్టులు, 3 వాట్లు. అందులో ముందు బల్బుకు 2.4 వాట్లు, వెనక బల్బుకు 0.6 వాటు.

ఈ పంపకంలో ఒక చిక్కు ఉంది. ముందు బల్బు 0.4, వెనక బల్బు 0.1 ఆంపియరు తీసుకుంటాయి. ముందు బల్బు మాడితే మొత్తం కరెంటు వెనక బల్బు మీద పడి అదీ వెంటనే మాడుతుంది. రెండు లైట్లూ ఒకేసారి పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే.

టైరుకు ఆనేది, హబ్బులో ఉండేది

సీసా డైనమో తలమీది చిన్న చక్రం టైరు పక్కభాగానికి ఆని తిరుగుతుంది. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పెద్ద చక్రం సెకనుకు సుమారు రెండు చుట్లు తిరిగితే, ఈ చిన్న చక్రం 60 చుట్ల దాకా తిరుగుతుంది. ధర తక్కువ, ఏ సైకిలుకైనా బిగించవచ్చు. కానీ రాపిడిలో శక్తి వృథా అవుతుంది. 3 వాట్ల వెలుగు కోసం తొక్కేవారు దాదాపు 8 నుంచి 15 వాట్లు అదనంగా ఖర్చుపెట్టాలి. వానలో టైరు తడిస్తే జారుతుంది కూడా.

ముందు చక్రం హబ్బులోనే అమర్చిన డైనమోకు ఈ లోపాలు లేవు. ఇంగ్లండులోని స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1930లలోనే డైనోహబ్ పేరుతో దీన్ని అమ్మకానికి తెచ్చింది. హబ్బు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి లోపల అయస్కాంత ధ్రువాలు ఎక్కువ పెడతారు. నేటి షిమానో కంపెనీ హబ్బుల్లో అవి 28. రాపిడి లేనందువల్ల ఇది తొక్కేవారికి భారం అనిపించదు. అయితే దీనికోసం చక్రాన్ని స్పోకులతో సహా కొత్తగా అల్లించాలి.

సీసా డైనమోను బిగించేటప్పుడు చూడవలసినవి మూడు. డైనమో మధ్యగీతను పొడిగిస్తే అది సరిగ్గా చక్రం ఇరుసు మీదికి రావాలి. లేకుంటే టైరు కోసుకుపోతుంది. లైటు ఆపినప్పుడు చిన్న చక్రానికీ టైరుకూ మధ్య సెంటీమీటరు ఖాళీ ఉండాలి. క్లాంపు గట్టిగా పట్టాలి. అది జారి స్పోకుల్లో పడితే సైకిలు బోల్తా కొడుతుంది.

ఎర్తు ఎక్కడ తెగుతుంది

పాత పద్ధతిలో లైటుకు ఒకే వైరు వెళ్తుంది. తిరుగు దారి సైకిలు బాడీయే, దీన్నే ఎర్తు అంటారు. రంగు పొరను చీల్చుకొని ఇనుమును తాకే మొనతేలిన స్క్రూ క్లాంపులో ఉండేది అందుకే. ఆ మొన దగ్గర తుప్పు పట్టినా, హ్యాండిల్ బేరింగులోని గ్రీజు అడ్డుపడినా, ప్లాస్టిక్ మడ్‌గార్డు వచ్చినా ఎర్తు తెగుతుంది. కోస్తా గాలిలోని తేమకు, నైరుతి వానలతో పాటు అక్టోబరు, నవంబరు తుపానులకూ తడిసే సైకిలుకు ఈ తుప్పు తప్పదు.

ఇక్కడ లెక్క తేలికే. చదరపు మిల్లీమీటరులో అయిదో వంతు అడ్డుకోత వైశాల్యమున్న సన్నని రాగి వైరు, రానూపోనూ నాలుగు మీటర్లు వాడినా దాని నిరోధం మూడో వంతు ఓమ్ మాత్రమే. నష్టం లెక్కలోకి రాదు. తుప్పుపట్టిన ఒక్క అతుకు 3 ఓమ్‌ల నిరోధం చూపితే అర ఆంపియరు దగ్గర ఒకటిన్నర వోల్టు, అంటే ఆరు వోల్టుల్లో పావు వంతు అక్కడే పోతుంది. నెమ్మదిగా తొక్కేటప్పుడు లైటు మినుకుమినుకుమనడానికి ఇదొక కారణం. దీనికి మందు రెండు వైర్లు లాగి, బాడీని తిరుగు దారిగా వాడటం మానేయడమే.

వైరు దాచే దారి

వైరును లోపల దాచేది అందం కోసమే కాదు. బయట వేలాడే వైరు సైకిలును గోడకు ఆనించినప్పుడు, బస్తా కట్టినప్పుడు తెగుతుంది. మడ్‌గార్డు మడత అంచు వైరు దాచడానికి అన్నిటికంటే సులువైన చోటు. ఇనుప ఫ్రేములో సీటు గొట్టం, దాని ముందు ఏటవాలు గొట్టం చాలావరకు పెడల్ ఇరుసు ఉండే పెట్టెలోకి తెరుచుకొని ఉంటాయి. వైరును అటుగానే వెనక్కి నడిపించవచ్చు. ముందు పాత బ్రేకు కేబులును దూర్చి, దాని కొసకు వైరు కట్టి లాగితే పని తేలిక. తిరిగే పెడల్ ఇరుసుకు తగలకుండా అక్కడ వైరుకు ప్లాస్టిక్ గొట్టం తొడగాలి.

ఉన్న రంధ్రాలనే వాడాలి. ఫోర్కుకు, గొట్టాల అతుకుల దగ్గర కొత్త రంధ్రం వేస్తే బరువు పడినప్పుడు అక్కడే విరుగుతుంది. రంధ్రం అంచును ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు వాషరు పెట్టకపోతే అది వైరు తొడుగును కోసేస్తుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వైరు వదులుగా విడవాలి. లైటులోకి వైరు దూరే ముందు దాన్ని కిందికి వంచి పైకి తెస్తే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. అతుకులను టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవుతో మూయాలి.

ఎల్ఈడీ వచ్చాక

ఎల్ఈడీ ఒకే దిశలో పారే కరెంటుతో పనిచేస్తుంది. డైనమో కోసం తయారైన ఎల్ఈడీ లైటులో నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మారుస్తుంది, మరో భాగం వోల్టేజీని అదుపులో ఉంచుతుంది. కొన్నిటిలో కెపాసిటరు కూడా ఉంటుంది. సైకిలు ఆగాక కొన్ని నిమిషాలు లైటు వెలిగేది దానివల్లే. బ్యాటరీ టార్చీలోని ఎల్ఈడీని నేరుగా డైనమోకు కలపకూడదు. భారం తక్కువైతే డైనమో వోల్టేజీ వేగంతో పాటు పదుల వోల్టులకు పోతుంది, ఎల్ఈడీ క్షణంలో పోతుంది.

జర్మనీలో 2013 వరకు సైకిలుకు డైనమో లైటు చట్టరీత్యా తప్పనిసరి. తరువాత బ్యాటరీ లైట్లనూ అనుమతించారు. డైనమో ఉన్నా వెనక ఎర్ర రిఫ్లెక్టరు తీసేయకూడదు. సైకిలు ఆగి లైటు ఆరినప్పుడు ముందు సైకిలు ఉందని వెనక వాహనానికి చెప్పేది అదొక్కటే. ఏటా వానలు మొదలయ్యే ముందు ఒకసారి అతుకులు విప్పి, శుభ్రంచేసి, కొద్దిగా గ్రీజు పూసి బిగించడం మరవకూడదు. లైటు వెలగకపోతే డైనమోను మార్చే ముందు వైరునూ ఎర్తునూ చూడాలి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.