ఉమ్మనీరు ముందే పోతే... జ్వరం వచ్చేదాకా ఆగొద్దు

గర్భంలో బిడ్డను చుట్టి ఉండే ఉమ్మనీటి సంచి బ్యాక్టీరియాకు అడ్డుగోడ. 37 వారాలు నిండకముందే అది పగిలితే, యోనిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు గర్భాశయంలోకి చేరే దారి తెరుచుకుంటుంది. సుమారు 3 శాతం గర్భాల్లో ఇలా జరుగుతుంది. బిడ్డ ఇంకా ఎదగాల్సి ఉంటే, తల్లి ఆరోగ్యం నిలకడగా ఉన్నంతవరకు వైద్యులు తరచూ కాన్పును వాయిదా వేస్తారు. ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్‌ను మొదట్లోనే పసిగట్టడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

2012లో ఐర్లండ్‌లో జరిగిన విషాదం ఇందుకు ఉదాహరణ. కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 17 వారాల గర్భంతో అక్టోబరు 21న గాల్వేలోని ఆసుపత్రిలో చేరారు. ఆ అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. గర్భస్రావం చేయమని కోరినా, పిండం గుండె కొట్టుకుంటోందని అంగీకరించలేదు. 28న ఆమె సెప్సిస్‌తో మరణించారు. ఆ తర్వాత సాగిన ఉద్యమంతో 2018లో ఆ దేశ రాజ్యాంగమే మారింది. విచారణల్లో మరో లోపమూ బయటపడింది. చేరిన రోజు రక్తపరీక్షలో తెల్లరక్తకణాలు పెరిగినట్లు తేలినా ఎవరూ పట్టించుకోలేదు. నాడి, ఉష్ణోగ్రత, శ్వాస, రక్తపోటులను నిర్ణీత వ్యవధిలో చూడలేదు. ఆమెను కాపాడగలిగే 13 అవకాశాలు చేజారాయని 2013 నాటి నివేదిక తేల్చింది.

ఇన్ఫెక్షన్ ముదిరేకొద్దీ రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. రక్తపోటు పడిపోకుండా గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే కొందరిలో జ్వరం కంటే ముందే నాడి వేగం పెరుగుతుంది. గర్భిణుల్లో నాడి మామూలుగానే నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి, ఈ మార్పును తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం బయటపడదు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్లు తెల్లకణాల లెక్కను పెంచుతాయి. కాబట్టి ఏ ఒక్క అంకెనో చూసి ధీమా పడకుండా, పూట పూటకూ వస్తున్న మార్పును గమనించాలి.

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా వెంటనే వైద్యులకు చెప్పాలి:

• 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) లేదా అంతకు మించిన జ్వరం, చలి, వణుకు
• నిమిషానికి 100 దాటి తగ్గని నాడి, ఆయాసం, అయోమయం
• దుర్వాసనతో లేదా ఆకుపచ్చగా పోయే నీరు
• పొట్ట ముట్టుకుంటే నొప్పి
• బిడ్డ కదలికలు తగ్గడం

ఆసుపత్రిలో బిడ్డ గుండె వేగం 160 దాటిందా అనేది కూడా చూస్తారు.

ఉమ్మనీరు ఒక్కసారిగా పోవచ్చు, చుక్కలుగానూ కారవచ్చు. మూత్రమేమో అనుకుని, నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో ఉండిపోకూడదు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని, నీరు పోయిన సమయం, రంగు గుర్తుపెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయాలి. నీరు ఎప్పుడు పోయిందో డాక్టరు అడగకపోయినా చెప్పాలి.