మొటిమలకు సముద్రపు నాచు

మన హాస్టల్లో అద్దం దగ్గర ఎప్పుడూ వినిపించే మాట మొటిమలు. యుక్తవయసులో చర్మంలోని నూనె గ్రంథులు జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి. రంధ్రం మూసుకుపోతే లోపల క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన విశాఖ తీరంలో రాళ్ళను పట్టుకుని పెరిగే గోధుమరంగు నాచుల్లో సర్గాసం ఒకటి. తమను తినే జీవుల నుంచి, మండే ఎండ నుంచి కాపాడుకోవడానికి ఇలాంటి నాచులు ఫ్లోరోటానిన్ల వంటి రసాయనాలను తయారు చేసుకుంటాయి. వీటిలో కొన్ని బాక్టీరియాను అణచివేస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు ఒక సర్గాసం జాతి నుంచి సర్గాఫ్యూరాన్ అనే పదార్థాన్ని వేరుచేసి 2009లో ప్రకటించారు. మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాములు ఉంటే చాలు, మొటిమల బాక్టీరియా పెరగలేదు. అయితే ఇది ప్రయోగశాల ఫలితం. మందు కావాలంటే మనుషుల మీద పరీక్షలు నెగ్గాలి.

అందుకని బీచిలో నాచు ఏరి, నూరి ముఖానికి పూయకూడదు. మనది ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. నాచు నీటిలోని సీసం వంటి లోహాలను పీల్చుకుంటుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం, తెల్లబడతామని మనం షాపులో అడిగి కొనే స్టెరాయిడ్ క్రీములు. అవి మొదట తగ్గించినట్లే చేసి, తరువాత మొటిమలను పెంచుతాయి. తమ్ముళ్ళూ, ఆ డబ్బు దాచుకుని కె.జి.హెచ్. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకుందాం.